సొరబుర్రపై బొమ్మలు: ఒక కళ, రెండు పదములు, మన బాధ్యత

జానపదకళలను గూర్చి మన దేశమున వెలువడుచున్న గ్రంథములకు కొదవ లేదు. వానిలో వస్తువుల ఛాయాచిత్రములు కలవు, కొలతలు కలవు, వస్తువు దొరకిన గ్రామము పేరు కలదు. కాని ఆ వస్తువును చేసినవాడు దానిని తన భాషలో ఏమని పిలుచును? దానిని చేయుటలోని ఒక్కొక్క పనికి ఏ క్రియను వాడును? ఈ ప్రశ్నలకు సమాధానము మాత్రము వానియందు అరుదు. ఎండిన సొరకాయపై కాగిన ఇనుముతో బొమ్మలు తీర్చు బస్తరు కళ ఇందులకు మంచి నిదర్శనము. ఈ కళను కాపాడవలెనని చెప్పువారు అనేకులు కలరు. వారితో నాకు విరోధము లేదు. అయితే కళతోబాటు దాని పలుకుబడిని గూడ కాపాడవలసి యున్నదనియు, ఆ పని భాషాశాఖలదే కాని మఱి యెవ్వరిదియు కాదనియు, దానిని మనము ఇంతవరకు మన పనిగా తలపలేదనియు నా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు హేతువులను ఇచట నివేదింతును.

ముందుగా ఆ కాయను గూర్చి రెండు మాటలు. సొరతీగ మానవునకు మిక్కిలి ప్రాచీన సహచరి. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని లాజినేరియా సిసెరేరియా యందురు. దీని జన్మస్థానము ఆఫ్రికా ఖండము. అయినను సుమారు పదివేల యేండ్లకు పూర్వమే ఇది అమెరికా ఖండములలో మానవుల చేతికి వచ్చినది. ఎట్లు వచ్చెనను విషయమున శాస్త్రజ్ఞులలో వాదము కలదు. ఆసియానుండి వలసపోయిన మానవులే దీనిని వెంట గొనిపోయిరని 2005లో వెలువడిన జన్యుపరిశోధన యొకటి చెప్పగా, ఆఫ్రికా తీరమునుండి సముద్రముపై తేలుచు కాయలే ఆవలిగట్టు చేరెనని 2014లో వెలువడిన మఱియొక పరిశోధన వాదించినది. రెండు వాదములకును ఆధారమైన గుణము ఒక్కటే: ఎండిన సొరకాయ పెంకు గట్టిది, తేలికయైనది, నీరు చొరనిది. మన పల్లెలలో ఈత నేర్చు పిల్లలు ఎండు సొరకాయలను నడుమునకు కట్టుకొని బావిలో దిగుట ఈ గుణమువలననే. కుమ్మరి సారె తిరుగుట మొదలిడకముందే మానవుడు తీగపై పాత్రను పండించుకొనుట నేర్చెనని చెప్పవచ్చును.

పండించుకొనెననుట అలంకారోక్తి కాదు. పందిరికి ప్రాకించిన తీగకు కాయ వ్రేలాడి నిడుపుగా, చక్కగా దిగును. నేలపై పడియున్న కాయ యొక ప్రక్క చదునై, మెడ వంకర తిరుగును. లేతకాయకు త్రాడు బిగించి నడుము సన్నముగా చేయువారు కలరు. చీనాదేశమున లేతకాయను అచ్చులో నిలిపి, పెరిగిన కొలది ఆ అచ్చులోని చిత్రము కాయపై పొంగునట్లు చేసిరి. చింగ్ వంశపు చక్రవర్తుల కాలమున ఈ విద్య రాజాస్థానమున గూడ ఆదరణ పొందినది. పాత్రలకు సాధారణముగా చేదుజాతి కాయలను వాడుదురు. వాని పెంకు దళసరి. తినదగినవి కావు గనుక ముదురువఱకు ఎవరును కోయరు. సంస్కృతమున దీనికి కటుతుంబి యని పేరు. కూరకు పనికిరాని కాయయే పాత్రకు ప్రశస్తమైనదన్నమాట.

ఇక బస్తరు కళను జూతము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బస్తరు ప్రాంతమున జగదల్‌పూర్, కొండగావ్, నారాయణ్‌పూర్ పరిసరములలో దీనిని తుమా లేక తుంబా శిల్పమందురు. కాయను తీగపైననే ముదురనిచ్చి, పెంకు గట్టిపడిన పిదప కోసి ఎండబెట్టుదురు. లోపలి గింజలు గలగలమని మ్రోగినచో ఎండినదని గుఱుతు. తొడిమయొద్ద రంధ్రము చేసి, లోపలి గుజ్జును నీటితో నానబెట్టి కుళ్ళజేసి, గులకరాళ్ళో ఇసుకయో వేసి కుదిపి శుభ్రపఱతురు. పైని పలుచని పొరను గీకి, పెంకును నునుపు చేయుదురు. అప్పుడది పసుపుపచ్చని వన్నెకు వచ్చును. తరువాత బొగ్గుల నిప్పులో ఇనుప కత్తిని కాల్చి, దాని వాడిమొనతో పెంకుపై గీతలు తీర్తురు. గీత పడినచోట గోధుమవన్నె మొదలు నలుపు వఱకు రంగు తేలును. రంగు వేయరు; లక్క పూయరు; నిప్పే సిరా, పెంకే పత్రము. త్రికోణములు, అడ్డగీతలు, ఆకులు, చేపలు, పక్షులు, జింకలు, మనుష్యులు ఈ చిత్రములలో ప్రధానములు. తప్పు గీసినచో చెరుపుటకు వీలులేదు. కావున చేయి స్థిరముగాను, కత్తి వేడి సమముగాను ఉండవలెను. వేడి తగ్గిన గీత వెలవెలబోవును. వేడి హెచ్చినచో పెంకు మాడి అంచులు చెదరును.

ఈ బుర్రలు మొదట గోడకు వ్రేలాడదీయు అలంకారములు కావు. మురియా, మాడియా మొదలగు జనులు పొలమునకు, అడవికి, సంతకు పోవునపుడు భుజమునకు తగిలించుకొనిపోవు పాత్రలివి. వీనిలో నీరు, అంబలివంటి పేజ్, జీలుగుకల్లు పోసికొందురు. ఎండలో గూడ లోని పానీయము చల్లగా నుండును. విత్తనములు దాచుటకు, ముంచుకొనుటకు గరిటెగా వేఱు వేఱు ఆకారముల బుర్రలు వాడుదురు. పాత్రపై బొమ్మ యనగా పాత్ర నాదియని చెప్పు గుఱుతు. చేతిపనిపై ప్రేమకు సాక్ష్యము. పాత్రయు చిత్రమును వేఱుకాని కాలమున పుట్టిన కళ ఇది.

నేను తెలుగునాటికి వెలుపల, పలుభాషల విద్యార్థులకు తెలుగు బోధించుచున్నవాడను. ఒకనాడు తరగతిలో ‘బుర్ర’ యను మాటకు అర్థము చెప్పవలసివచ్చినది. తల, మెదడు, తెలివి యని చెప్పి, సొరకాయ ఎండిన పిదప మిగులు పెంకు గూడ బుర్రయే యంటిని. ఒడియా విద్యార్థి యొకడు తమ యింట కూరకు వండునది ‘లావు’ అనియు, ఎండినదానిని ‘తుంబా’ యందురనియు చెప్పెను. కన్నడ విద్యార్థిని తమ భాషలో కాయ ‘సోరె’, ఎండిన పెంకు ‘బురుడె’ యనెను. హిందీ విద్యార్థులు ‘లౌకీ’, ‘తూంబా’ అనిరి. తమిళమున ‘సురై’ కాయ. దానితో చేసిన పాత్ర ‘సురైక్కుడుక్కై’. మరాఠీలో కూరకు ‘దుధీ’, సన్న్యాసి చేతిలోనిది ‘తుంబా’. తెలుగున కాయకు ప్రాంతభేదముచే సొరకాయ, ఆనపకాయ, అనిగెపుకాయ యను పేర్లు కలవు. ఎండిన వెంటనే అన్నియు బుర్రలే.

భాషావేత్తలకు ఇది గమనింపదగిన విషయము. ద్రావిడభాషలయందును ఆర్యభాషలయందును గూడ ఒకే తీగకు కాచిన ఫలమునకు రెండు పేర్లు ఏర్పడినవి: తినునది యొకటి, తాల్చునది యొకటి. ఈ విభజన వృక్షశాస్త్రమునకు తెలియదు, అంగడికి తెలియదు, పాత్రను చేసి వాడిన జనుల భాషకే తెలియును. మొదటి పదములకు చరిత్ర దీర్ఘముగా కలదు. లావు, లౌకీ యనునవి సంస్కృత ‘అలాబు’ శబ్దమునుండి వచ్చినవి. ఆ అలాబు శబ్దమునే మలయు భాషయందలి ‘లబు’ అను పదముతో పోల్చి, అది ఆర్యభాషలకు బయటినుండి వచ్చినదని విద్వాంసులు వాదించిరి. సొర, సోరె, సురై యనునవి ద్రావిడకుటుంబమున ఒక్క మూలమునకు చెందినవి. మనుస్మృతి ఆఱవ యధ్యాయమున సన్న్యాసికి అనుమతించిన పాత్రలలో అలాబుపాత్ర యొకటి. ఇట్లు కాయకు శాస్త్రమున స్థానము కలదు, వ్యుత్పత్తి కలదు. పెంకు పేరునకు మాత్రము అట్టి పోషకులు లేరు.

ఆ రెండవ పదము ఎంత సారవంతమైనదో చూడుడు. తెలుగున బుర్ర యనగా పాత్ర, తల, తెలివి. కన్నడమున బురుడె యనగా పెంకు, పుఱ్ఱె. మన వాడుకలో ఆత్మస్తుతి చేసికొనువాడు ‘సొరకాయలు కోయును’. కన్నడిగుల వాడుకలో లేనిపోని మాట చెప్పువాడు ‘బురుడె విడుచును’. పెద్దదై లోపల బోలుగా నుండు వస్తువు గొప్పలకు గుఱుతగుట రెండు భాషలయందును సమానమే. దక్షిణ అమెరికాలో క్వెచువా భాషయందు బుర్రపాత్రకు ‘మతి’ యని పేరు. అదియే స్పానిషున ‘మాతె’యై, ఆ పాత్రలో పోసికొని త్రాగు ఆకుకషాయమునకే పేరైనది. పాత్రపేరు తలకును, మాటకును, పానీయమునకును వ్యాపించినది. ఇట్టి పదముల వ్యాప్తిని తెలిసికొనుట శబ్దార్థశాస్త్రమున చిన్నపని కాదు.

ఇచట ఒక వైపరీత్యమును గమనింపవలెను. తంజావూరు వీణకు మెడక్రింద నమర్చు రెండవ బుర్రను తమిళులు ‘సురైక్కాయ్’ అనియే యందురు. నేడది చాలవఱకు కాగితపు గుజ్జుతోనో, లోహముతోనో, ఫైబరుతోనో చేయబడుచున్నది. వస్తువు పోయినది; పేరు నిలిచినది. సంగీతమునకు శాస్త్రము, విద్వాంసులు, గురుపరంపర కలవు గనుక పేరు నిలిచినది. బస్తరు బుర్రల విషయము దీనికి సరిగా ఎదురు. వస్తువు మిగిలియున్నది; పేర్లు పోవుచున్నవి. ప్లాస్టిక్ సీసాయు, అల్యూమినియము పాత్రయు పల్లెకు చేరిన పిదప, బుర్రను భుజమునకు తగిలించుకొని పొలమునకు పోవువారు తగ్గిరి. కళాకారుడు నేడు చేయునది ఎక్కువగా దీపపు బుర్ర, గోడబొమ్మ, అంగడిలో అమ్ముడుపోవు బహుమానవస్తువు. దీనిని నేను నిందింపను. పూర్వము కల్లు నింపిన బుర్రలో నేడు విద్యుద్దీపము వెలిగినంత మాత్రమున కళకు అవమానము లేదు. జీవించుటకు కళ మాఱవలెను. కాని పాత్రగా వాడుక పోగానే, ఏ యాకారపు బుర్ర దేనికి, ఏ మూతి ఏ పానీయమునకు, ఏ గీత ఎవరి గుఱుతు అని తెలుపు మాటలకు పని లేకపోవును. బొమ్మ అంగడికి పోవును. మాట ఇంటనే మిగిలి, ఇంటిపెద్దతో పోవును.

కొన్నియేండ్ల క్రిందట ఒక ప్రదర్శనశాలలో ఇట్టి బుర్రను చూచితిని. దానిక్రింద ‘అలంకరింపబడిన సొరకాయ, బస్తరు’ అను అర్థమునిచ్చు చీటి మాత్రముండెను. చేసినవాని పేరు లేదు. వాని భాష పేరు లేదు. వస్తువు పేరు లేదు. ఉన్నది కూరగాయ పేరు. మామిడికర్రతో చేసిన పీటకు ‘చెక్కబడిన మామిడిచెట్టు’ అని వ్రాసినచో ఎట్లుండును? అంతటి లోపము ఇందును కలదు. అయినను చీటి వ్రాసినవానిని తప్పుపట్టను. వానికి ఆ పేరు అందజేయవలసిన వారము మనము. మనము అందజేయలేదు.

‘మనము’ అనగా ఎవరము? తెలుగుశాఖకు బస్తరుతో పనియేమి? అని అడుగువారు ఉండవచ్చును. బస్తరు మనకు దూరదేశము కాదు. ఇంద్రావతి, శబరి నదులు ఆ నేలపై ప్రవహించి వచ్చి గోదావరిలో కలియుచున్నవి. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయవంశపు అన్నమదేవుడు అచటికి పోయి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ సంప్రదాయము. కోయలు ఆ యెల్లకు ఇరువైపులను కలరు. అంతకన్న ముఖ్యము భాషాబంధము. గోండి, కోయ, కువి, కుయి, కొండ మొదలగు భాషలు తెలుగుతోబాటు దక్షిణమధ్య ద్రావిడశాఖకు చెందినవి. తెలుగునకు మిక్కిలి దగ్గఱ చుట్టములు తమిళ కన్నడములు కావు. ఈ అడవి భాషలే. 2011 జనాభా లెక్కల ప్రకారము గోండి మాతృభాషగా గలవారు సుమారు 29 లక్షల 84 వేలమంది. అయినను అది రాజ్యాంగమునందలి ఎనిమిదవ షెడ్యూలున లేదు. వారి వృత్తిపదములను గూర్చుట తెలుగు పండితులకు దానము కాదు. తన యింటి పాతపత్రములను తాను వెదకికొనుట వంటిది.

తెలుగునాటనే ఇట్టి మఱియొక యుదాహరణము కలదు. తెలంగాణమున డక్కలివారు వాయించు కిన్నెరకు ఎండిన సొరబుర్రలే నాదమునిచ్చునవి. పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినపుడు దేశమంతయు ఆ వాద్యము పేరు విన్నది. సంతోషమే. కాని ఆ బుర్రను ఎట్టి తీగనుండి ఎంచుకొందురు, ఎట్లు ఎండింతురు, దండెకు ఎట్లు బిగింతురు, ఒక్కొక్క భాగమునకు ఏమి పేరు అను ప్రశ్నలను గాయకుని పాటతోబాటు అడిగి వ్రాసికొన్నపుడే ఆ గౌరవము సంపూర్ణమగును. పురస్కారము వ్యక్తికి వచ్చును. పదకోశము వంశమునకు మిగులును.

ఇట్టి పని అసాధ్యమనుటకు వీలులేదు. మనవారే చేసి చూపిరి. జార్జి గ్రియర్సను 1885లో ప్రకటించిన బీహారు రైతుజీవన గ్రంథము నాగలి మొదలు పొయ్యి వఱకు ప్రతి వస్తువునకు, దాని భాగములకు అచటి జనుల పేర్లను బొమ్మలతో గూడ కూర్చినది. తెలుగున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున మాండలిక వృత్తిపదకోశమును ఆరంభించి, 1962లో వ్యవసాయపదములను, 1971లో చేనేతపదములను ప్రకటించిరి. వ్యవసాయదారుని నోటినుండి, సాలెవాని మగ్గముకడనుండి పదములను ఏరి, ఏ ప్రాంతమున ఏ రూపము వాడుకలో నున్నదో తెలిపిరి. దేశభాషలలో ఇట్టి పనికి అది మార్గదర్శకము. ఆ మార్గమున మఱికొన్ని వృత్తుల పదకోశములు వెలువడినవి. కాని ఆ మార్గము రాష్ట్రపు టెల్లలయొద్ద ఆగినది. బుర్రపై బొమ్మలు వేయు కళ భాషల టెల్లలను, రాష్ట్రపు టెల్లలను దాటినది గనుక, ఒక రాష్ట్రపు అకాడమీ దానిని చేపట్టజాలదు. పలుభాషల శాఖలు ఒకే గొడుగు క్రింద నున్న కేంద్రవిశ్వవిద్యాలయములే దానికి తగిన చోట్లు.

ఇక రెండు ఆక్షేపణలు. మొదటిది: వస్తుకళ మానవశాస్త్రజ్ఞులకు, ప్రదర్శనశాలలకు చెందినది, భాషాశాఖలకు గ్రంథమే విషయము అని. మానవశాస్త్రజ్ఞులు చేసిన మేలు ఎన్నదగినదే. వెరియర్ ఎల్విను 1947లో మురియాలను గూర్చియు, 1951లో మధ్యభారత గిరిజనకళను గూర్చియు గొప్ప గ్రంథములు ప్రకటించెను. 1948లో ఫ్యూరర్ హైమెండార్ఫు ఆదిలాబాదు రాజగోండులను గూర్చి వ్రాసెను. వారు చూచినది జనుల జీవనమును. క్రియాపదముల సూక్ష్మభేదములు భాషావేత్త చెవికే పట్టును. ఒక చిన్న యుదాహరణము. నిప్పు చేయు పనికి తెలుగున కాల్చు, మాడ్చు, కమర్చు, చుఱుకుపెట్టు, వాతపెట్టు అని యెన్నియో మాటలు కలవు. ఒక్కొక్కటి వేడియొక్క వేఱు మెట్టు. కాగిన కత్తితో గీయువానికి ఆ మెట్లే విద్య. పరిశోధకుడు అన్నిటికిని ‘కాల్చుట’ యని యొక్కమాట వ్రాసికొని వచ్చినచో, కళలోని సగము జ్ఞానము దారిలోనే జారిపోయినదని యెఱుగవలెను. వస్తువుల పేర్లు ఛాయాచిత్రముతో కొంతవఱకు నిలుచును. క్రియలకు ఛాయాచిత్రము లేదు.

రెండవ ఆక్షేపణ ఇంతకన్న బలమైనది: పదకోశమువలన కళాకారునకు కలుగు లాభమేమి? తమిళమున ఒక సామెత కలదు. తాటాకుపై వ్రాసిన సొరకాయ కూరకు పనికిరాదని దాని తాత్పర్యము. మన పరిశోధనలను చూచియే పుట్టినట్లున్న సామెత! దీనిని తేలికగా త్రోసివేయరాదు. అయినను నా సమాధానమిది. నేడు హస్తకళలకు అంగడియందును, చట్టమునందును పేరే ఆస్తి. 1999లో చేయబడి 2003లో అమలునకు వచ్చిన భౌగోళికసూచికల చట్టము క్రింద ఒక వస్తువును నమోదు చేయవలెనన్నచో, ఆ వస్తువు లక్షణములను, చేయు విధానమును వ్రాతమూలమున వర్ణింపవలెను. ఆ వర్ణన కళాకారుని మాటలతో జరుగునా, మధ్యవర్తి మాటలతో జరుగునా యనుట చిన్నవిషయము కాదు. తన చేతిపనిలోని మెట్లకు తన భాషలో పేర్లుండి, అవి గ్రంథమున కెక్కినవాడు తన నకలును చేసి అమ్మువానికి ఎదురు నిలువగలడు. పేర్లు లేనివాని పని ‘అలంకరింపబడిన సొరకాయ’గా మిగులును, దానిని యంత్రముతో ఎవరైనను చేయవచ్చును.

పెరూ దేశపు అనుభవము ఇచట ఉపకరించును. ఆ దేశపు సముద్రతీరమున హువాకా ప్రియెతా అనుచోట జూనియస్ బర్డు 1946లో ఆరంభించిన త్రవ్వకములలో ముఖములు చెక్కిన బుర్రలు లభించినవి. అవి సుమారు నాలుగువేల యేండ్ల నాటివి. అంతటి ప్రాచీనకళ నేడును హువాంకాయో నగరముచేరువ కోచాస్ గ్రామములలో సజీవముగా నున్నది. అచటి చిత్రకారులు ఉలితో సన్నని గీతలు చెక్కి, నిప్పుతో నీడలు తెచ్చి, పెండ్లి, పంట, పండుగ మొదలగు కథలను ఒక్క కాయచుట్టును వరుసగా చిత్రింతురు. ఆ కళ పేరు ‘మాతె బురిలాదో’. మొదటిమాట క్వెచువా, రెండవది ఉలిని తెలుపు స్పానిషు. పాత్ర స్థానికులది, పనిముట్టు పేరు వచ్చినవారిది. ఆ రెండు మాటల పేరే ఒక చరిత్ర. అచట పాత్రపేరును ‘సొరకాయ’కు తర్జుమా చేయక నిలుపుకొనిరి, లోకము ఆ పేరుతోనే ఆ కళను గుర్తించుచున్నది. వాడుకవస్తువు చిత్రకథగా మాఱినను పేరు తెగలేదు. బస్తరు బుర్రకు గూడ ఇంతటి మర్యాద దక్కవలెనని కోరుట అధికము కాదు.

కావున నా సూచనలు సంగ్రహముగా ఇవి. మొదటిది, తెలుగు, ఒడియా, హిందీ, మరాఠీ, కన్నడశాఖలు కలసి బుర్రకళకు ఒక బహుభాషా వృత్తిపదకోశమును సంకల్పింపవలెను. గోండి, హల్బీ, కోయ మాట్లాడు విద్యార్థులను దానికి సహాయకులుగా గాక సంపాదకులుగా తీసికొనవలెను. రెండవది, నామవాచకములకన్న ముందు క్రియలను సేకరింపవలెను: విత్తుట మొదలు అమ్ముట వఱకు ప్రతి పనిని కళాకారుడు చేయుచుండగా, వాని మాటతోనే, ధ్వనిముద్రణతో సహా వ్రాసికొనవలెను. మూడవది, చెప్పినవారి పేర్లను వారి సమ్మతితో గ్రంథముఖమున ముద్రించి, వారి కాలమునకు తగిన ప్రతిఫలమీయవలెను. ‘సమాచారదాత’ యను పేరులేని మాటతో వారిని మఱుగుపఱచరాదు. నాల్గవది, సేకరించినదానిని ముందుగా ఆ గ్రామముల పాఠశాలలకు చిన్నపుస్తకముగా ఈయవలెను. మన పత్రికలకు తరువాత. ఐదవది, ప్రదర్శనశాలలకు ఒక విన్నపము: చీటిపై కూరగాయ పేరునకు మాఱుగా పాత్రపేరు, చేసినవారి భాష, చేసినవారి పేరు ఈ మూడును ఉండవలెను.

దీనికి కోట్లధనము అక్కఱలేదు. ఇద్దఱు ముగ్గురు అధ్యాపకులు, పదిమంది విద్యార్థులు, రెండు మూడు పంటకాలములు చాలును. ఏటేట ఒకే ప్రబంధముపై, ఒకే వర్ణనను గూర్చి మనము వ్రాయించుచున్న సిద్ధాంతవ్యాసములలో రెండింటిని తగ్గించినచో విద్యార్థులు దొరకుదురు. ప్రబంధము మఱి పదియేండ్లు వేచియుండగలదు. తాళపత్రమునను, ముద్రణమునను అది సురక్షితము. కాగిన కత్తిని చేతబట్టిన వృద్ధుని నోటిలోని మాటకు అట్టి భద్రత లేదు. అన్నిభాషల పండితులు ఈ పనిని తమ పనిగా భావించి, వచ్చు విద్యాసంవత్సరమునుండియే ఆరంభింతురని ఆశింతును.